బిగింపు లెన్సులు, సత్తెమ్మక్క చీర

ఈ ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు ఈమధ్య ఫోన్ చేసి ఒకటే అడుగుతున్నారు: "సార్, కెమెరాకు ఏ లెన్సు బిగిస్తే మంచిది? చవకల వచ్చేది చెప్పున్రి." ఒక్క మాటలో చెప్పి ఫోన్ పెట్టేయొచ్చు. పెట్టేయను. ఒక్క మాటలో చెబితే ఒక్క రోజులో మరిచిపోతారు, నేను చేసిన తప్పే మళ్లీ చేస్తారు. ఆ తప్పుకు నేను అనుభవించింది తక్కువ. ఆత్మకూర్ అవతల మగ్గం ముందు కూర్చునే ఒక అక్క అనుభవించింది ఎక్కువ. అందుకని ఓపిక పట్టి మొత్తం చదవండి. లెన్సు సంగతి మధ్యలో వస్తుంది, తొందర పడకండి.

మా పని

నా పేరు యాదగిరి. చేనేత సంఘాల సమాఖ్య ఒకదానిలో నాణ్యత పరిశీలకుడిగా పనిచేసి రిటైరయ్యాను. మాది కొత్తకోట. మా బాపు గుంట మగ్గం మీద, నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టి, నేసినవాడు. హోదాలూ బదిలీలూ ఇక్కడ రాయను, అవి మా ఇంట్లోవాళ్లే వినరు.

పని ఏమిటంటే, చీర చేతితో నేసిందా, మరమగ్గం మీద దిగిందా అని చూడటం. చేతి నేతయితే గుర్తు చీటీ ఇప్పించడం. పాలమూరు, నల్లగొండ రెండు వైపులా తిరిగాను. చీటీ వచ్చినవాళ్ల పేరు జాబితాలో ఉంటుంది. జాబితాలో పేరున్నవాళ్లకే సంఘం నూలు, పట్టు ఇస్తుంది. పేరు తీసేస్తే మగ్గం ఖాళీగా పడి ఉంటుంది. కాబట్టి మనం రాసే రెండు వాక్యాల మీద ఒక ఇంటి పొయ్యి ఆధారపడి ఉంటుందని ముందే తెలుసుకోండి. నాకు ఇది ఎవరూ చెప్పలేదు.

మొదట్లో నేను వేలితో తడిమి చూసి "చేతి నేత" అని రాస్తే చెల్లేది. రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు పద్ధతి మారింది. ప్రతి చీరకూ ఫోటోలు తీసి పంపాలి, హైదరాబాదులో కూర్చున్న కమిటీ ఆ ఫోటోలు చూసి తేలుస్తుంది. నాకు ఒళ్లు మండింది. పుట్టినప్పటి నుంచి మగ్గం చప్పుడు విన్నవాడిని, నన్ను నమ్మకుండా బొమ్మను నమ్ముతారా అని మహబూబ్‌నగర్ ఆఫీసులో మా మేనేజరు వెంకట్రాం సార్ ముందు ఎగిరాను.

ఆయన టీ తాగుతూ విన్నాడు. "యాదగిరీ, నీ వేలు మంచిదే. గానీ దాన్ని ఫైలుకు పిన్ను కొట్టి పంపలేం గదా!" అన్నాడు.

నవ్వొచ్చింది, కోపం మాత్రం పోలేదు. ఇప్పుడు ఆలోచిస్తే ఆ పద్ధతి మంచిదే. మాలోనే కొందరు మరమగ్గం బట్టకు కూడా చేతి నేత అని రాసి పంపినవాళ్లున్నారు. వాళ్ల వల్ల నిజంగా నేసేవాళ్ల నోట్లో మన్ను పడింది. రుజువు అడగడంలో తప్పు లేదు, రుజువు తీయడం నాకు రాకపోవడమే తప్పు.

చిన్న కెమెరా

ఆఫీసువాళ్లు ఇచ్చిన కెమెరా చొక్కా జేబులో పట్టేది. ఆన్ చేస్తే మూతి ముందుకు సాగుతుంది, ఆఫ్ చేస్తే లోపలికి ముడుచుకుంటుంది. పెద్ద కెమెరాల్లాగా లెన్సు విప్పి ఇంకొకటి పెట్టే వీలు లేదు. అయితే మూతి చుట్టూ ఒక ఉంగరం ఉంది. అది తిప్పి తీస్తే కింద మరలు కనిపిస్తాయి. అక్కడ ఒక గొట్టం బిగించి, గొట్టం చివర ఇంకో లెన్సు బిగించుకోవచ్చు. వాటికి మేము బిగింపు లెన్సులు అని పేరు పెట్టుకున్నాం. ఎక్కువ జాగా పట్టించేది ఒకటి, దూరంలో ఉన్నదాన్ని దగ్గరికి తెచ్చేది ఒకటి, దగ్గరున్నదాన్ని పెద్దగా చూపేది ఒకటి.

మన పనికి ఇవెందుకంటే, గుంట మగ్గం ఉన్న గది ఎంత ఉంటుందో మీకు తెలుసు. మగ్గం పోను మనిషి నిలబడే చోటు మాత్రమే మిగులుతుంది. వెనక్కి జరిగితే గోడ. మొత్తం మగ్గం ఫోటోలో పట్టదు. ఇక పోగులు తీయాలంటే కెమెరాలో పువ్వు గుర్తు మోడ్ ఉంది గానీ, దానికి మూతి బట్టకు ఆనించినంత పని చేయాలి, కెమెరా నీడే బట్ట మీద పడుతుంది.

ఆఫీసు డబ్బు ఇవ్వనంది. నా జేబులోంచే పెట్టుకుని, హైదరాబాదు బస్సెక్కి, కోఠి సందుల్లో ఒక దుకాణంలో సంచీతో సహా మొత్తం సెట్టు కొన్నాను. సంచీ మీద బంగారు రంగు అక్షరాలున్నాయి. ఆ అక్షరాలు చూసే కొన్నానని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఆ సెట్టుతో మొదట వెళ్లింది రామచంద్రం బావ, సత్తెమ్మక్క ఇంటికి. చుట్టరికం లేదు, పిలుపులు అలా పడిపోయాయి. ఇద్దరూ ఒకే మగ్గం మీద పక్కపక్కన కూర్చుని నేస్తారు. నూలు ఒళ్లు, పట్టు అంచు ఉన్న చీర అది. ఒంటి పేక, అంటే అడ్డపోగు, వేరు; అంచుల పేక వేరు. పేక చుట్టిన మూడు నాడెలు అటూ ఇటూ ఆడిస్తూ, ఒళ్లూ అంచూ కలిసే చోట ప్రతి వరుసకూ ఒక పోగును ఇంకో పోగుతో మెలివేస్తారు. కుప్పడం అంటారు దాన్ని. మామూలు మరమగ్గం మీద పేక ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకటే పోతుంది, ఆ మెలిక దానివల్ల కాదు. అంటే ఆ మెలిక కనబడితే చాలు, చేతి నేత అని వేరే సాక్ష్యం అక్కర్లేదు.

ముందు ఎక్కువ జాగా పట్టించే లెన్సు బిగించి మగ్గం తీశాను. బావ తెర మీద చూసి బెంబేలెత్తిపోయాడు.

"ఏంది బామ్మర్దీ, నా మగ్గం గిట్ల వంగిపోయింది? నాలుగు మూలల మసి పూసినట్టున్నదేంది?"

నిజమే. నిట్టనిలువు గుంజలు పొట్టలు ఉబ్బి కనబడ్డాయి, మూలలు నల్లగా ఉన్నాయి. దూరాన్ని దగ్గరికి తెచ్చేదైతే ఇంకా ఘోరం. అంత బరువు వేలాడేసరికి కెమెరా మూతి కిందికి వంగింది. మా పనిలో అంత దూరం నుంచి తీయాల్సింది ఏమీ లేదు కూడా. ఎందుకు కొన్నానో నాకే తెలియదు, సెట్టులో ఉందని కొన్నాను.

నేను తీసిన ఫోటో

ఇప్పుడు అసలు తప్పు దగ్గరికి వస్తున్నాను.

పోగులు లెక్కబెట్టడానికి మా దగ్గర చిన్న మడత అద్దం ఉంటుంది. బట్ట మీద పెట్టి, ఒక అంగుళంలో ఎన్ని పోగులున్నాయో చూస్తాం. ఇరవై ఏళ్లకు పైగా ఆ అద్దంలోంచి చూసినవాడిని కాబట్టి, ఎంత పెద్దగా కనబడితే అంత మంచిదనే లెక్క నా బుర్రలో నాటుకుపోయింది. సెట్టులో దగ్గరివి చూపే లెన్సులు నాలుగున్నాయి, ఒకటి, రెండు, నాలుగు, పది అని అంకెలు వేసి. నేను ఆలోచించకుండా పది తీశాను.

సత్తెమ్మక్క పసుపు ఒళ్లు, ఎర్ర అంచు చీర తెచ్చి ఒళ్లో పరుచుకుంది. నేను బెత్తెడు దూరం దాకా వంగాను.

"తమ్మీ, గంత దగ్గరికి పోయి ఏం జూస్తున్నవ్? కండ్లు పోయినయా?" అంది.

"నా కండ్లు మంచిగనే ఉన్నయక్కా. హైదరాబాదోళ్ల కండ్ల కోసం తీస్తున్న."

"అయితే మంచిగ తియ్యి. పదిహేను దినాలు ఇద్దరం నడుములు ఇరగ్గొట్టుకున్నం."

తీశాను. తెర మీద నూలు పోగు తాడంత కనబడింది. ముగ్గురం చూసి మురిసిపోయాం. అక్క చాయ్ పెట్టింది.

ఇంకో తప్పు కూడా అదే నిమిషంలో చేశాను, అది నేతగాళ్ల ఇంట్లో పుట్టినవాడు మాత్రమే చేసే తప్పు. మా ఇళ్లలో చీర చూపించేటప్పుడు వెనుకవైపు తిప్పరు. కొనడానికి వచ్చినవాడు తిప్పబోతే మా బాపు వాడి చేయి పట్టుకునేవాడు. వెనుక దిక్కు చూపడమంటే విప్పిన జుట్టుతో బయటికి రావడంలా అనుకుంటారు. నేనూ అక్కను తిప్పమనలేదు. ముందు దిక్కే, నున్నగా ఉన్న దిక్కే తీశాను. మెలికలన్నీ వెనకే ఉంటాయి. నాకు తెలియక కాదు, మర్యాద అనుకున్నాను.

కొన్నాళ్లకు కమిటీ కాగితం వచ్చింది. సంఘానికి దాని నకలు మాకన్నా వారం ముందే పోయిందట. వెంకట్రాం సార్ దాన్ని నా ముందుకు తోశాడు. "అంచు, ఒళ్లు కలిసిన జాడ ఫోటోలో లేదు. మరమగ్గం నేతగా భావించడమైనది. పేరు జాబితా నుంచి తొలగించడమైనది."

ఆ ఫోటోను ఆఫీసు కంప్యూటరులో పెద్దగా చేసి చూశాను. అరచేతి తెర మీద అందంగా కనబడినది అక్కడ చూస్తే సిగ్గేసింది. నడిమధ్య నాలుగు పోగులు స్పష్టంగా ఉన్నాయి. చుట్టూ అంతా పొగ. సరిగ్గా పసుపూ ఎరుపూ కలిసే గీత మీద ఊదా రంగు చార ఒకటి పరుచుకుని ఉంది. ఆ చార బట్టలో లేదు, నా చవక గాజులో ఉంది. కమిటీ వాళ్లను తిట్టుకుందామనుకున్నాను గానీ నోరు రాలేదు. ఆ ఫోటో ఎవరు తీసుకొచ్చి నాకు చూపినా నేనూ అదే రాసేవాడిని.

ఇక్కడే రాసుకోండి: కెమెరా తెరను నమ్మొద్దు. ఊరు విడిచేలోపు ఏదో ఒక పెద్ద తెర మీద చూడండి.

"రాండి సారూ"

మరునాడే వాళ్ల ఊరికి పోయాను. బావ లేడు, కొత్తకోటలో రోడ్డు మీది హోటల్లో పనికి కుదిరాడట. మగ్గం మీద అవే రంగుల చీర సగం నేసి అలాగే ఉంది, నూలు ఆగిపోయింది కదా. సత్తెమ్మక్క వాకిట్లో కూర్చుని ఉంది.

"రాండి సారూ," అంది.

ఎప్పుడూ తమ్మీ అని పిలిచే మనిషి. అంతకన్నా నాలుగు చివాట్లు పెట్టినా బాగుండేది.

"అక్కా..."

"కూసోండి. ఒక్కటి అడుగుత. చిన్నప్పటి సంది నేస్తున్న. గిప్పుడు మిషన్ చీరలు తెచ్చి మావని అమ్ముతున్నమని వాడకట్టంత అనుకుంటున్నరు. మీరు రాసిన్రా గట్ల?"

"నేను చేతి నేత అనే రాసిన. ఫోటో సరిగ్గ రాలె."

"ఫోటో ఎవరు తీసిన్రు?"

"నేనే."

"మరి తప్పు ఎవరిది సారూ? నాదా?"

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకోలేదు, గొంతు కూడా పెంచలేదు.

"పేరు మల్ల ఎక్కిస్తరో లేదో మీ ఇష్టం. గా కాయిదంల మిషన్ అని రాసిన మాట కొట్టెయ్యాలె. గది కొట్టెయ్యకుంట మీరు బండెడు నూలు తెచ్చి పోసినా నేను గుంటల కాలు పెట్ట. కూలికన్న పోత గానీ పెట్ట."

"కొట్టేపిస్త అక్కా," అన్నాను. ఎట్లాగో అప్పటికి నాకు తెలియదు. అయినా అన్నాను.

లేచి మగ్గం దగ్గరికి పోయాను. అలవాటు కొద్దీ చేయి సగం చీర మీదికి పోయింది. నేత చూసేటప్పుడు మా బొటనవేలు పైన ఉంటుంది, మిగతా వేళ్లు బట్ట కిందికి పోతాయి. అంచు దగ్గర కింది వేళ్లకు సన్నటి మిట్ట తగిలింది. మెలికల వరుస. అప్పుడు తెలిసింది నాకు: ఇన్నేళ్లూ నా వేళ్లు వెనుక దిక్కే చూసి చేతి నేత అని చెబుతున్నాయి. నేను మాత్రం కెమెరాకు ముందు దిక్కు చూపాను.

"అక్కా, గీ సగం చీర ముట్టకు. విప్పకు. నేను మల్ల వస్త."



ఖాదర్ భాయ్ దుకాణం

ఈసారి బంగారు అక్షరాల దుకాణానికి పోలేదు. అదే సందులో పాత కెమెరాలు బాగుచేసే ఖాదర్ భాయ్ దగ్గరికి నా సెట్టు పట్టుకుని పోయాను. తెల్ల గడ్డం, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు. చేసే పని ఆపకుండానే మాట్లాడతాడు.

"పెద్దగ చూపేది కావాలె భాయ్," అన్నాను.

"మొదలు కెమెరా చూపియ్యున్రి సార్, లెన్సు సంగతి తర్వాత. ఎంత పెద్దగ కావాలె? చీమ కాలు తీస్తరా?"

"చీర అంచు తియ్యాలె."

"ఎంత వెడల్పు?"

"రెండు వేళ్లంత."

"అరే, రెండు వేళ్ల వెడల్పు కావాలంటే రెండు వేళ్లు నిండే లెన్సు తీస్కోవాలె. చీమ కాలు నిండేది తీస్కపోయి ఏం జేసుకుంటరు?"

నాకు ఈ ఉద్యోగంలో దొరికిన అసలు పాఠం అదే. అది చెప్పింది మా పై అధికారులు కాదు, ఖాదర్ భాయ్. ఏది తీయాలో, అది ఎంత వెడల్పు ఉంటుందో ముందు తేల్చుకోండి, ఆ తర్వాతే దుకాణం ఎక్కండి.

ఆయన సొరుగులోంచి వాడిన లెన్సు ఒకటి తీశాడు. పాత వీడియో కెమెరాదట. "గిది రెండు గాజులు అతికిచ్చి చేసింది. మీ సెట్టుల ఉన్నయి ఒంటి గాజువి, అవి రంగులు చీలుస్తయి. ఇది చీల్చదు. జానెడు దూరంల నిలబడి, జూమ్ పూర్తిగ లాగి తియ్యున్రి. నీడ పడదు." గొట్టం కన్నా లెన్సు కాస్త వెడల్పు, మధ్యలో ఒక రింగు బిగించి సరిపెట్టాడు. గొట్టం కన్నా సన్నటి లెన్సు మాత్రం ఎన్నడూ తీసుకోవద్దన్నాడు, మూలలు నల్లబడతాయి.

నేను సంచీలోంచి గళ్ల తువ్వాలు తీశాను. ఆయన కళ్లద్దాలు పైకి తోసుకుని చూశాడు.

"స్నానం చేస్తరా సార్ ఈడ?"

"లేదు భాయ్, గోడకు కట్టి ఫోటో తీస్త. గళ్లు వంగితే తెలుస్తది గదా."

"వారెవ్వా! నలభై ఏండ్ల సంది కూసున్న ఈడ, గిట్ల ఎవరూ రాలె," అని తనే మేకు కొట్టి తువ్వాలు తగిలించాడు.

నేత ఇంట్లో పుట్టినందుకు నాకు పుట్టిన ఒకే ఒక మంచి ఆలోచన అది. ఏ లెన్సయినా కొనేముందు గళ్ల తువ్వాలు బిగువుగా కట్టి తీయండి. నిలువు గీత నిలువుగా ఉందా, అంచుల్లో గళ్లు పొట్ట ఉబ్బాయా, తెల్ల గడి పక్కన ఊదా చార వచ్చిందా, మూలలు నల్లబడ్డాయా, అన్నీ ఒక్క ఫోటోలో బయటపడతాయి. పాత సెట్టు ఫోటోలో తువ్వాలు ఎండలో పెట్టిన అప్పడంలా ముడుచుకుంది. ఖాదర్ భాయ్ లెన్సు ఫోటోలో తువ్వాలు తువ్వాలులాగే ఉంది.

గది మొత్తం పట్టించడానికి కూడా ఆయన ఒకటి ఇచ్చాడు. "బొమ్మను సగానికి తగ్గించేది వద్దు, ముప్పావుకు తగ్గించేది చాలు. లోభపడి ఎక్కువ జాగా కావాలంటే గీతలు వంగుతయి," అన్నాడు. దూరానివి చూపేది నేను అడగనే లేదు. రెండూ కలిపి నా పాత సెట్టు కన్నా తక్కువలోనే వచ్చాయి. చవక అంటే తక్కువ ధరకు దొరికేది కాదు నాయనా, మళ్లీ కొనక్కర్లేనిది.

వెనుక దిక్కు

వాళ్ల ఊరు చేరేసరికి పొద్దు నడినెత్తికి రాలేదు. కిటికీలోంచి వెలుతురు పక్కగా పడుతోంది. ఇలాంటి పనికి ఆ వెలుతురే కావాలి. ఫ్లాష్ పనికిరాదు, గొట్టం అడ్డం వచ్చి సగం బట్ట చీకటవుతుంది.

బావ ఆ పూటకు సెలవు పెట్టి వచ్చాడు. నేను నసిగాను. "అక్కా, చీర తిప్పాలె. ఎన్క దిక్కు తియ్యాలె."

ఆమె ముఖం గంటుపెట్టుకుంది. "ఎన్క దిక్కా? గది ఎవరికన్న చూపెడ్తరా సారూ? గా పోగులు, గా ముళ్లు... మా అవ్వ బతికుంటే నన్ను ఇంట్లకు రానియ్యదు."

"ముందు దిక్కు మిషన్ గూడ నున్నగనే నేస్తదక్కా. నీ చెయ్యి కనిపించేది ఎన్కనే."

బావ ఏదో అనబోతే చేత్తో ఆపింది. తర్వాత లేచి, చుట్టిన బట్ట సడలించి, తన చేతులతోనే తిప్పి పట్టుకుంది. చూపు మాత్రం గోడ వైపు పెట్టుకుంది.

జానెడు కొలిచి నిలబడ్డాను. ఊపిరి బిగబట్టి తీశాను. ఒకటి కాదు, ఇరవై తీశాను. ముందు గది మొత్తం, తర్వాత ఇద్దరూ గుంట అంచున కూర్చుని నాడెలు పట్టుకున్నది, తర్వాత అంచు పక్కన ఒక స్కేలు పెట్టి, చివరికి మెలికలు. ఆత్మకూర్‌లో ఇంటర్నెట్ దుకాణంలో పెద్ద తెర మీద చూశాను. పసుపు పోగు ఎర్ర పోగును పట్టుకుని తిరిగిన ప్రతి మెలికా కనబడుతోంది. ఒక చోట మెలిక వదులుగా ఉంది, ఇంకో చోట బిగువుగా ఉంది. రెండు చేతులు, ఇద్దరు మనుషులు. దుకాణంలో నేనొక్కడినే నవ్వుకున్నాను.

ఆ ఫోటోలు చూసి వెంకట్రాం సార్ సంతోషించాడు. "కొత్త నమూనా అని పంపు. పేరు ఎక్కుతది, అయిపాయె."

"పాత కాయిదం సార్? మరమగ్గం అన్న మాట?"

"అది అట్లనే ఉంటది. ఎవరు జూస్తరు?"

"ఆమె జూస్తది."

నేను అప్పటికే కాగితం రాసి తెచ్చాను. "మొదటి ఫోటోకు వాడిన లెన్సు తప్పు. తీసిన దిక్కు తప్పు. ఈ రెండు తప్పులూ నావి. చీరలో తప్పు లేదు. మరమగ్గం అన్న మాట కొట్టివేయాలి." ఆయన రెండుసార్లు చదివాడు.

"గిది నీ సర్వీసు పుస్తకంల ఎక్కుతదిరా."

"ఎక్కనియ్యున్రి సార్."

"పిచ్చోడివి నువ్వు," అని సంతకం పెట్టాడు. తర్వాత ఆ ఫైలు తపాలాలో వేయకుండా తనే హైదరాబాదు పట్టుకుపోయాడు. అధికారుల గురించి నాకు గొప్ప అభిప్రాయం లేదు, మెచ్చుకోవాల్సిన చోట మాత్రం మెచ్చుకుంటాను. తప్పు ఒప్పుకున్నవాడిని ఒంటరిగా వదలని అధికారి దొరికితే వదులుకోకండి.

నాకు మెమో వచ్చింది. దాన్ని ఇప్పటికీ దాచుకున్నాను. సత్తెమ్మక్క పేరు జాబితాలోకి వచ్చింది. ఆ ఫైలు తిరిగి మహబూబ్‌నగర్ వచ్చిన రోజు, అదే లెన్సు బిగించి, ఆ పేజీకి జానెడు దూరంలో నిలబడి, ఎర్ర సిరాతో కొట్టేసిన ఆ ఒక్క మాటను ఫోటో తీశాను.

వాళ్ల ఇంటికి పోయి కెమెరా ఆమె చేతికిచ్చాను. ఆమె ఆ చిన్న తెరను చాలాసేపు చూసింది. వేలితో ఆ ఎర్ర గీత మీద రుద్దింది.

"ఇదేనా?"

"ఇదే అక్కా."

కెమెరా నా చేతిలో పెట్టి బావ వైపు తిరిగింది. "ఏం జూస్తున్నవ్? పో, సంఘం కాడికి పోయి నూలు తేపో." తర్వాత మగ్గం దగ్గరికి పోయి గుంటలో కాళ్లు పెట్టి కూర్చుంది. నూలు లేదు, నేత లేదు, ఊరికే కూర్చుంది. "చాయ్ తాగినంక పోదువు గానీ, కూసో తమ్మీ," అంది.

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. దాచుకోలేదు.

ఇప్పుడు మీ చేతుల్లో ఫోన్లున్నాయి, వాటి మీద క్లిప్పు పెట్టి తగిలించే లెన్సులు దొరుకుతున్నాయి. పేర్లు మారినా నేను చెప్పిన మాటలేవీ మారవు. గళ్ల తువ్వాలు సంచీలో పెట్టుకోండి. ఎంత వెడల్పు కావాలో ముందు తేల్చుకోండి. తప్పు జరిగితే మీ పేరుతోనే రాయండి.

రిటైరయ్యాక ఒకసారి అటు వైపు పోతూ వాళ్లింట్లో ఆగాను. హైదరాబాదు నుంచి కొనేవాళ్లు ఎవరో వచ్చి కూర్చుని ఉన్నారు. సత్తెమ్మక్క కొత్త చీర తెచ్చి, మడత విప్పి, వాళ్ల ముందు తిరగేసి పరిచింది. మెలికలు, ముళ్లు, పోగుల కొసలు అన్నీ పైకున్నాయి. కొనడానికి వచ్చినామె తికమకపడి ముందు దిక్కు తిప్పబోయింది. సత్తెమ్మక్క ఆమె చేయి పట్టుకుంది.

"ఆగమ్మా. ముందుగాల ఎన్క దిక్కు చూడు. మంచిగున్న దిక్కు యాడికి పోదు."